పాప జిమ్నాస్టిక్స్ టీమ్‌లో ఉంది, బయట కోచింగ్ కూడా ఇప్పించాలంటే: టీమ్‌తో చెడకుండా చేసే పద్ధతి

మన ఇళ్ళలో ట్యూషన్ కొత్తేం కాదు. స్కూల్లో లెక్కలు రాకపోతే సాయంత్రం ఇంకో మాస్టారి దగ్గర కూర్చోబెడతాం. దానికి స్కూలు టీచర్ని ఎవరూ అడగరు. అమెరికాలో జిమ్నాస్టిక్స్ టీమ్‌లో ఉన్న పిల్ల విషయంలో కూడా అలాగే చేస్తే నెల తిరక్కుండానే గొడవవుతుంది.

కోచ్‌ల అహం ఒక్కటే దీనికి కారణం కాదు. లెక్కను రెండు పద్ధతుల్లో చేసినా జవాబు ఒకటే వస్తుంది. బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌ను (వెనక్కి దూకి చేతుల మీదుగా తిరిగి లేచే స్కిల్) ఇద్దరు రెండు రకాలుగా నేర్పితే మాత్రం, తల కిందులుగా ఉన్న ఆ అర సెకనులో ఏ మాట వినాలో పిల్లకు తేలదు. పక్కన స్పాట్ పట్టుకునే (పడకుండా చేతులతో ఆసరా ఇచ్చే) కోచ్‌కు కూడా పిల్ల ఏం చేయబోతోందో తెలియదు.

బయట నేర్పించడం తప్పు కాదు, దాన్ని దాచడమే తప్పు. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క మాట మీద నడుస్తుంది. అమెరికా జిమ్నాస్టిక్స్ సంఘమైన యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్‌లోనో (లెవెల్ 1 నుంచి 10), నియమాలు కాస్త వదులుగా ఉండే ఎక్సెల్ విభాగంలోనో పోటీ చేసే అమ్మాయిలను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. అబ్బాయిల లెవెల్స్, ఈవెంట్లు వేరు కానీ కోచ్‌లతో నడుచుకునే తీరు ఒకటే.

1. ఏం కావాలో ఒక్క వాక్యంలో రాయండి

"పాప వెనకబడిపోతోంది" అంటే ఏ కోచ్‌కూ ఏమీ అర్థం కాదు. "మూడు నెలలుగా కిప్ రావట్లేదు, కాళ్ళు బార్ దగ్గరికి ఆలస్యంగా వస్తున్నాయని కోచ్ అంటున్నారు" అంటే పని మొదలుపెట్టవచ్చు. (కిప్ అంటే బార్ కింద ఊగి, కాళ్ళను బార్ దగ్గరికి తెచ్చి, చేతులు వంచకుండా బార్ పైకి లేచే స్కిల్.) అలాంటి వాక్యం రాయలేకపోతే ఇంకా డబ్బు ఖర్చు పెట్టే సమయం రాలేదు.

రాశాక, సమస్య వీటిలో ఏ రకమో చూడండి.

*బలం చాలకపోవడం.* లెవెల్ 4కి కిప్ తప్పనిసరి కాబట్టి ఎక్కువమంది తల్లిదండ్రులు ప్రైవేట్ లెసన్ గురించి ఆలోచించేది ఇక్కడే. నిజానికి చాలామంది పిల్లలకు కావలసింది ఇంకో కోచ్ కాదు, పొట్టలోనూ భుజాల్లోనూ బలం. బార్‌కు వేలాడుతూ కాళ్ళు వంచకుండా, ఊగకుండా పాదాలను బార్‌కు తాకించే లెగ్ లిఫ్ట్‌లు ఆగకుండా ఓ పది, హాలో హోల్డ్ (వెల్లకిలా పడుకుని నడుము నేలకు ఆనించి భుజాలు, కాళ్ళు పైకెత్తి ఉంచడం) ఓ 45 సెకన్లు వస్తున్నాయా? రాకపోతే ముందు అవి రావాలి. అవి లేకుండా బయట ఎన్ని గంటలు కొన్నా, కోచ్ చేతులు పిల్లను బార్ పైకి ఎత్తుతుంటాయి గానీ కిప్ రాదు.

*పద్ధతి తప్పడం.* బలం ఉంది, అయినా గ్లైడ్‌లో (కిప్ మొదట్లో ముందుకు సాగే ఊపులో) శరీరం పూర్తిగా సాగకముందే కాళ్ళు లాగేస్తుంది, లేదా మోచేతులు వంచి పైకి ఎక్కాలని చూస్తుంది. ఒకే విషయం మీద దృష్టి పెట్టే ప్రైవేట్ లెసన్ బాగా పనిచేసేది ఇలాంటి వాటికే.

*భయం.* నిన్నటిదాకా బీమ్ (సన్నని దూలం) మీద బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ చేసిన పిల్ల ఇవాళ చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోతుంది. దీన్ని మెంటల్ బ్లాక్ అంటారు. దీనికి కొత్త కోచ్‌ను తీసుకొస్తే సాధారణంగా ముదురుతుంది. అమ్మా నాన్నా గంటకింత ఇస్తున్నారని పిల్లకు తెలుసు, ఆ బరువూ భయానికి తోడవుతుంది. నేల మీద గీత, తర్వాత కింద ఉండే బీమ్, తర్వాత పక్కన మ్యాట్లు పేర్చిన ఎత్తు బీమ్, ఇలా రోజూ చూసే కోచ్‌తోనే మెట్టు మెట్టుగా వెనక్కి వెళ్ళి రావాలి. బయటి సాయం కావాలనుకుంటే పిల్లలతో పనిచేసే స్పోర్ట్స్ సైకాలజిస్ట్ మేలు.

*నొప్పి.* వెనక్కి వంగినప్పుడు నడుము కింద నొప్పి, చేతుల మీద బరువు వేస్తే మణికట్టు నొప్పి, పరిగెత్తితే మడమ నొప్పి. ఇవి ఎదిగే పిల్లల ఎముకల మీద పడే ఒత్తిడికి గుర్తులు కావచ్చు. నడుము నొప్పి రెండు వారాలు దాటితే వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమో డాక్టర్ చూడాలి. అది తేలేదాకా అదనపు లెసన్ అన్న మాటే వద్దు.

*కొరియోగ్రఫీ, డాన్స్, ఫ్లెక్సిబిలిటీ.* లెవెల్ 1 నుంచి 5 వరకు కంపల్సరీ, అంటే రొటీన్ అందరికీ ఒకటే. 6 నుంచి ఆప్షనల్, ఎవరి రొటీన్ వాళ్ళది. ఆప్షనల్ ఫ్లోర్ రొటీన్‌కు బయటి కొరియోగ్రాఫర్‌ను పెట్టడం మామూలే, చాలాసార్లు జిమ్మే పిలిపిస్తుంది. బ్యాలే క్లాసుకు కూడా ఎవరూ అడ్డు చెప్పరు. చెప్పి చేరితే చాలు.

*"కోచ్ మా పాపను పట్టించుకోవట్లేదు."* దీనికి బయటి కోచింగ్ మందు కాదు. నేరుగా నాలుగో మెట్టుకు వెళ్ళండి.

2. సొంత జిమ్‌లో ఉన్న దారులు ముందు వాడండి

చాలా జిమ్‌లు తమ కోచ్‌లతోనే ప్రైవేట్ లెసన్లు ఇస్తాయి. అరగంట లెసన్ చాలు. గంట పెడితే చివరి ఇరవై నిమిషాలు పిల్ల చేతులు బార్ పట్టుకోలేవు, అప్పుడు చేసేదంతా తప్పు అలవాటుగా మారుతుంది.

హెడ్ కోచ్‌ను కాకుండా ఆ ఈవెంట్ కోచ్‌నే అడగండి. బార్స్ సమస్యకు బార్స్ కోచ్. ఇంకో పిల్లతో కలిపి సెమీ ప్రైవేట్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, మధ్యలో చేతులకు విశ్రాంతీ దొరుకుతుంది.

ఓపెన్ జిమ్ (క్లాసు లేకుండా పిల్లలు సొంతంగా చేసుకునే సమయం) వచ్చినవి మరికొన్నిసార్లు చేసుకోవడానికి. రానివి నేర్చుకునే చోటు కాదు, ఎందుకంటే అక్కడ సాధారణంగా స్పాట్ పట్టేవాళ్ళు ఉండరు.

ఆరు వారాలు ఇలా చేసి చూసి, కదలిక లేకపోతే ముందుకెళ్ళండి.

3. సంతకం పెట్టిన కాగితం తీసి చదవండి

వేసవిలో టీమ్‌లో చేర్చుకున్నప్పుడు హ్యాండ్‌బుక్ ఇచ్చి సంతకం తీసుకుని ఉంటారు. మనలో చాలామంది ఫీజుల పేజీ ఒక్కటే చూస్తాం. ఇప్పుడు వీటి కోసం వెతకండి:

☐ ఇంకో జిమ్‌లో లెసన్, క్యాంప్, క్లినిక్ గురించి ఏం రాశారు? నిషేధమా, ముందుగా అనుమతి కావాలా, ప్రస్తావనే లేదా?
☐ చీర్ (చీర్‌లీడింగ్), టంబ్లింగ్ (నేల మీద పల్టీలు) క్లాసులు కూడా ఆ నిబంధనలోకి వస్తాయా?
☐ ప్రాక్టీస్ హాజరు నియమం ఏమిటి? మీట్‌కు (పోటీకి) ముందు వారం మానేస్తే పోటీలోకి దింపుతారా?
☐ టీమ్ వదిలితే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, మీట్ ఫీజుల్లో ఏది తిరిగి రాదు?
☐ ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ప్రస్తావన లేకపోతే అనుమతి ఉన్నట్టు కాదు, అడగాలి.

4. హెడ్ కోచ్‌తో మాట్లాడటం

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే, మనవాళ్ళు దాటేసేదీ ఇదే. గురువుగారి మాటకు ఎదురు చెప్పినట్టవుతుందనో, పాప మీద కక్ష పెట్టుకుంటారనో జంకుతారు. కానీ జిమ్నాస్టిక్స్ లోకం చిన్నది. ఒక ఊళ్ళో కోచ్‌లంతా వారం విడిచి వారం మీట్లలో పక్కపక్కనే నిలబడతారు. ఇక్కడ దాచింది అక్కడ బయటపడుతుంది. ఈలోపు పాప కొత్త స్కిల్ అకస్మాత్తుగా చేసి చూపిస్తే "ఇది ఎవరు నేర్పారు?" అని అడగడానికి కోచ్‌కు ఒక్క క్షణం చాలు.

ఎప్పుడు: ప్రాక్టీస్ మధ్యలో వద్దు, పికప్ దగ్గర కారు కిటికీలోంచి వద్దు, మీట్ రోజు అసలే వద్దు. ఈమెయిల్ పంపి పదిహేను నిమిషాలు అడగండి. రొటీన్లు సరిదిద్దే సీజన్ నడిమధ్యలో కన్నా, స్టేట్ మీట్ అయిపోయాక కొత్త స్కిల్స్ మొదలుపెట్టే రోజుల్లో అడిగితే కోచ్ మనసు తెరిచి వింటారు.

ఎవరు: తల్లి, తండ్రి. పాపను పక్కన కూర్చోబెట్టుకుని కాదు. అయితే పెద్ద పిల్లలు, పన్నెండు పదమూడేళ్ళు దాటినవాళ్ళు, తమ మాట తామే చెప్పుకోవడం మంచిది.

ఏ వరుసలో: ముందు సమస్య, తర్వాత వాళ్ళ సలహా, ఆ తర్వాతే మీ కోరిక. మీ మాటల్లో రాసుకోండి గానీ ఈమెయిల్ సారాంశం ఇలా ఉండాలి:

"పాప కిప్ దగ్గర మూడు నెలలుగా ఆగిపోయింది. ఇంట్లో బలం కోసం మీరు చెప్పినవి చేయిస్తున్నాం. ఇంకేం చేస్తే బాగుంటుందో మీ అభిప్రాయం కావాలి. ఇక్కడ ప్రైవేట్ స్లాట్లు ఖాళీ లేవని తెలిసింది. మీకు అభ్యంతరం లేకపోతే ఆరు వారాలు, వారానికి ఒక అరగంట బయట చేయించాలనుకుంటున్నాం. కిప్ తప్ప ఇంకేమీ ముట్టుకోరు. మీరు వాడే డ్రిల్స్, మాటలే వాడమని చెబుతాం. ప్రాక్టీస్ ఒక్కటి కూడా మానదు. మాట్లాడటానికి పదిహేను నిమిషాలు ఇవ్వగలరా?"

ఇందులో హద్దులున్నాయి చూడండి: ఒక్క స్కిల్, ఆరు వారాలు, టీమ్ కోచ్ పద్ధతి, ప్రాక్టీస్ మానకపోవడం. కోచ్‌లు భయపడేది ఈ నాలుగు హద్దులూ దాటతారనే.

జవాబును ఎలా అర్థం చేసుకోవాలి

"సరే" అంటే, ఎవరి దగ్గరికి వెళ్తే మంచిదో వాళ్ళనే అడగండి. వాళ్ళకు నమ్మకమైన కోచ్ ఉంటే సగం సమస్య తీరినట్టే.

"వద్దు, ఎందుకంటే…" అని కారణం చెబితే వినండి. "ఎదుగుదలలో ఉంది, చేతులు పొడవయ్యాయి, మూడు నెలలు ఆగండి" అన్నది సాకు కాదు. ఒక్కసారిగా రెండు అంగుళాలు పెరిగిన పిల్లకు వచ్చిన స్కిల్స్ కూడా కొన్నాళ్ళు పోతాయి. అలాంటప్పుడు మళ్ళీ ఏ తేదీన చూద్దామో అడిగి క్యాలెండర్లో రాసుకోండి.

కారణం లేకుండా "మా రూల్ అంతే" అంటే, ఆ రూలు మీరు సంతకం పెట్టిందే అయితే ఉన్నన్నాళ్ళూ పాటించాలి. నచ్చకపోతే సీజన్ చివర్లో మారే ఆలోచన చేయండి. రూలు ఒప్పుకుని చాటుగా తప్పడం పాపకు నేర్పే పాఠం కాదు.

అడిగినందుకే పాపను మీట్ నుంచి తప్పిస్తానంటే, అది జవాబు కాదు. ఎనిమిదో మెట్టు చూడండి.

5. బయటి కోచ్‌ను ఎంచుకోవడం

ఇన్‌స్టాగ్రామ్‌లో మంచి వీడియోలు ఉండటం అర్హత కాదు. ఇవి చూడండి:

☐ యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ ప్రొఫెషనల్ మెంబర్‌షిప్ ఇప్పుడు అమల్లో ఉందా? దానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్, సేఫ్‌స్పోర్ట్ (ఆటల్లో వేధింపులు అరికట్టే) ట్రైనింగ్ ఉండాలి.
☐ యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్ సైట్‌లో క్రమశిక్షణ చర్యల డేటాబేస్ అందరికీ తెరిచే ఉంటుంది. పేరు కొట్టి చూడండి. యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ సస్పెన్షన్ల జాబితా వేరుగా ఉంది, అదీ చూడండి. రెండు నిమిషాల పని.
☐ లెసన్ ఎక్కడ? మెంబర్ క్లబ్‌లోనా, ఎవరి గరాజ్‌లోనైనానా? గరాజ్ అయితే వద్దు. మ్యాట్ల మందం, బార్ బిగింపు ఎవరూ తనిఖీ చేయరు.
☐ ఇన్సూరెన్స్ ఎవరిది? మీ జిమ్ ఇన్సూరెన్స్ అక్కడికి వస్తుందనుకోవద్దు. ఆ జిమ్ వేవర్ (గాయమైతే బాధ్యత ఎవరిదో చెప్పే, మీరు సంతకం పెట్టే కాగితం) చదివి, మీ హెల్త్ ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ ఎంతో చూసుకోండి.
☐ పాప లెవెల్ పిల్లలకు ఇప్పుడు నేర్పుతున్నారా? ఒకప్పుడు లెవెల్ 10 చేసిన కాలేజీ అమ్మాయికి స్కిల్ తెలుసు, నేర్పడం తెలియాలని లేదు.

మైనర్ల భద్రతా నియమాల ప్రకారం ఒక్క పిల్లకు ఒక్క పెద్దవాళ్ళు నేర్పే లెసన్ ఎవరైనా చూడగలిగేలా, మధ్యలో వచ్చి ఆపగలిగేలా జరగాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి, మీరు కూర్చుని చూసే వీలుండాలి. కోచ్ పాపకు విడిగా మెసేజ్ చేయకూడదు, మిమ్మల్ని కలపాలి. "పిల్ల చెదిరిపోతుంది, మీరు బయట ఉండండి" అంటే మర్యాదగా లేచి వచ్చేయండి.

టంబ్లింగ్ కోసం చీర్ జిమ్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక హెచ్చరిక. చీర్‌లో నేర్పే టంబ్లింగ్ లక్ష్యం, జడ్జింగ్ వేరు. కాళ్ళు కలిపి ఉండటం, పాదం సాగటం లాంటివి ఇక్కడ పదో వంతుల్లో కోతలు పడే విషయాలు, అక్కడ అంతగా పట్టించుకోకపోవచ్చు. మంచి కోచ్ ఉన్నా ముందే చెప్పండి.

6. లెసన్ నడిపే తీరు

మొదటి రోజు కోచ్‌కు ఒక కాగితం ఇవ్వండి: స్కిల్ పేరు, హెడ్ కోచ్ పదే పదే చెప్పే దిద్దుబాటు ఆ మాటల్లోనే, ఇప్పటికే చేస్తున్న డ్రిల్స్, పాత గాయాలు. టీమ్ ప్రాక్టీస్‌లో తీసిన పది సెకన్ల వీడియో చూపిస్తే ఇంకా మంచిది. అయితే వీడియో తీయడానికి ముందు జిమ్ అనుమతి తీసుకోండి, ఫ్రేములో వేరే పిల్లలు పడకూడదు.

పాప కూడా ఒక్క మాట చెప్పగలగాలి: "మా కోచ్ ఇలా చెయ్యమన్నారు." ఇద్దరి మాటా కలవకపోతే ఆ రోజుకు లెసన్‌లో ఆ భాగం ఆపి హెడ్ కోచ్‌ను అడగాలి. రెంటికీ మధ్యేమార్గం పాప వెతుక్కోకూడదు.

రెండో లెసన్ తర్వాత "ఈమెకు జయింట్ కూడా వచ్చేస్తుంది, మొదలుపెడదామా?" అనే ప్రశ్న వస్తుంది (జయింట్ అంటే శరీరం చాచి బార్ చుట్టూ పూర్తిగా తిరగడం). వినడానికి బాగుంటుంది. ఒప్పుకోకండి. హెడ్ కోచ్‌కు ఇచ్చిన మాట కిప్ వరకే.

నాలుగు లెసన్ల తర్వాత ఆగి లెక్క చూడండి. పిల్ల టీమ్ ప్రాక్టీస్‌లో స్పాట్ లేకుండా ఎన్నిసార్లు చేస్తోంది? అక్కడ మారకపోతే బయట వచ్చినా రానట్టే. ఆరో లెసన్ తర్వాత హెడ్ కోచ్‌కు రెండు వాక్యాల ఈమెయిల్: ఏం చేశారు, ఆపేశాం అని. ఆపేశాం అన్న ఆ మాటతో తర్వాతసారి అనుమతి తేలికవుతుంది.

వారం గంటల లెక్క

వారానికి శిక్షణ గంటలు పిల్ల వయసును దాటకుండా చూడమని స్పోర్ట్స్ మెడిసిన్ వైద్యులు చెబుతుంటారు. తొమ్మిదేళ్ళ పిల్లకు తొమ్మిది గంటలు. పోటీ టీమ్‌లో చాలామంది అప్పటికే దాన్ని దాటేసి ఉంటారు. అంటే మీరు కలిపే ప్రతి అరగంటా ఇప్పటికే నిండిన గిన్నెలో పోస్తున్నదే.

శని, ఆదివారాల కూచిపూడి క్లాసు, స్కూలు ట్రాక్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అరమండిలో అలసిన మోకాళ్ళు సోమవారం వాల్ట్ దగ్గర తెలుస్తాయి. వారంలో కనీసం ఒక పూర్తి రోజు ఏ శిక్షణా లేకుండా వదలండి. బయటి లెసన్‌ను విశ్రాంతి రోజున పెట్టకండి.

వేసవిలో ఇండియా వెళ్ళొచ్చాక "పోయింది రాబట్టాలి" అని తొలివారమే ప్రైవేట్లు పెట్టడం ఇంకో పొరపాటు. నాలుగు, ఆరు వారాల విరామం తర్వాత అరచేతుల చర్మం, మణికట్లు, మడమలు అన్నీ మెత్తబడి ఉంటాయి. మొదటి రెండు వారాలు టీమ్ ప్రాక్టీస్ ఒక్కటే చాలు.

7. టీమ్ పట్ల విధేయత అంటే నిజంగా ఏం చూస్తారు

చాలా మీట్లలో టీమ్ స్కోరుకు ఒక్కో ఈవెంట్‌లో పైనున్న కొద్దిమంది, తరచు ముగ్గురి, స్కోర్లు కలుపుతారు. అందుకే మీ పాప రాకపోతే మిగతా పిల్లల మీద భారం పడుతుంది. బయట నేర్చుకున్నందుకు కాదు, వీటికి చెడ్డపేరు వస్తుంది:

— బయటి లెసన్ కోసం ప్రాక్టీస్ మానడం, ముందే లేచి వెళ్ళడం.
— ఇద్దరు ముగ్గురు టీమ్‌మేట్లను కార్‌పూల్‌లో తీసుకెళ్ళడం. మీరు సాయం అనుకుంటారు, జిమ్ దాన్ని పిల్లల్ని లాక్కుపోవడంగా చూస్తుంది. ఎవరైనా అడిగితే "హెడ్ కోచ్‌తో మాట్లాడండి" అనండి, అంతే.
— తెలుగు పేరెంట్ల వాట్సాప్ గ్రూపులో ఇద్దరు కోచ్‌లనూ పోల్చడం. ఆ స్క్రీన్‌షాట్ ఇంగ్లీషులోకి మారి తిరిగొస్తుంది.
— ఇంకో జిమ్ లోగో ఉన్న లియోటార్డ్‌తో ప్రాక్టీస్‌కు పంపడం. చిన్న విషయంలా ఉంటుంది, ఎవరి కంటా తప్పదు.
— "కోచ్‌కు చెప్పకు" అని పాపకు నేర్పడం. ఒక పెద్దవాళ్ళ దగ్గర రహస్యం దాచడం పిల్లకు ఇంట్లో అలవాటు చేస్తే, రేపు ఇంకెవరో పెద్దవాళ్ళు "అమ్మకు చెప్పకు" అన్నప్పుడు అది తప్పని పిల్లకు అనిపించదు.

ఇప్పటికే చాటుగా మొదలుపెట్టేసి ఉంటే? లెసన్లు ఆపి, ఈ వారంలోనే మీరే చెప్పండి. "నాలుగు లెసన్లు తీసుకున్నాం, మీకు ముందే చెప్పాల్సింది, క్షమించండి, ఇకమీద మీరు చెప్పినట్టే" అంటే చాలు. సాకులు కలపొద్దు. ఇంకొకరి నోటి నుంచి తెలిసేలోపు మీ నోటి నుంచి వెళ్ళాలి.

8. ఇక ఈ జిమ్‌లో కుదరదు అనుకుంటే

సీజన్ ముగిసేదాకా ఆగండి. ఎక్కువ జిమ్‌లు వసంతం చివర, వేసవి మొదట్లో కొత్త టీమ్‌లు కూరుస్తాయి. అప్పుడు ట్రయౌట్ అడగవచ్చు. కొత్త జిమ్‌కు ఇప్పటి జిమ్ పేరు దాచొద్దు, మంచి హెడ్ కోచ్ ఎలాగూ ఫోన్ చేసి కనుక్కుంటారు.

☐ బాకీలన్నీ కట్టి రసీదు ఉంచుకోండి.
☐ నోటీసు రాతపూర్వకంగా, హ్యాండ్‌బుక్‌లో చెప్పిన రోజుల ముందు.
☐ యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ అకౌంట్‌లో క్లబ్ మార్పించుకోండి. కొత్త జిమ్ దారి చూపిస్తుంది.
☐ మార్చే ముందు లెవెల్ గురించి అడగండి. కొత్త జిమ్ ఒక మెట్టు కింద మొదలుపెడితే శిక్ష అనుకోవద్దు.
☐ పాప టీమ్‌మేట్లకు వీడ్కోలు చెప్పే రోజు ఇవ్వండి.

ఆగకూడని సందర్భం ఒక్కటే: భద్రత. గాయం ఉన్నా చేయించడం, తిండి గురించి, బరువు గురించి అవమానించడం, కొట్టడం, అనుచితంగా తాకడం. అప్పుడు నోటీసులూ మీట్లూ చూసుకోవద్దు, ఆ రోజే పాపను తీసుకొచ్చేయండి. లైంగిక వేధింపు అనుమానం వస్తే ముందు పోలీసులకు, తర్వాత సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్‌కు చెప్పాలి. జిమ్ యజమానితో మాట్లాడి తేల్చుకుందామని మాత్రం ఆగకండి.